పైకుబాయి అల్లిన గుమ్మి

భోజన్న పటేల్ ఇంట్లో ధాన్యం దాచే అర్రకు తలుపు చిన్నది. ఎంతటివాడైనా తల వంచి లోపలికి పోవాల్సిందే. లోపల నిలబడ్డ, గింజలు పోసే వెదురు గుమ్మిలు మాత్రం దూలాలను తాకేవి. బయట అల్లి ఆ తలుపులోంచి తేవడం కుదరదు గనక వాటిని అర్రలోనే అల్లాలి. అల్లే మనిషి ముందు అడుగు అల్లి, దాని నడుమ నిలబడి, చుట్టూ లేపిన దబ్బల మధ్య నుంచి సన్నని బద్దలు పోనిస్తూ తన చుట్టూ తానే గోడ కట్టుకుంటూ పోవాలి. అల్లిక మెడ దాకా వచ్చేసరికి లోపల చీకటైపోతుంది. ఆ తర్వాత ఎత్తుపీట ఎక్కి అల్లాలి. అంతా అయ్యాక పైనుంచి ఎవరైనా చెయ్యి అందిస్తేనే బయటపడేది.

తాడ్‌పిప్రి ఊళ్లో ఆ పని చేయగలిగింది పైకుబాయి ఒక్కతే. ఆమె ఆ ఊరిది కాదు. ఊరి వెనుక నుంచి మాహూర్ వైపు సాగిపోయే గుట్టల్లో బొందుగూడ అని పది పన్నెండు గుడిసెలుండేవి. అక్కడివాళ్లను కింది తెలుగు రైతులు మన్నెవార్లు అనేవారు, మరాఠీవాళ్లు కోలాములు అనేవారు. ఆ గూడెంలో మగవాళ్లు వెదురు కొట్టి చీలిస్తే ఆడవాళ్లు అల్లేవారు. చాటలు, గంపలు, కోళ్ల బుట్టలు, తడకలు అన్నీ అక్కడినుంచే కిందికి దిగేవి. గుమ్మి అల్లడం మాత్రం అందరికీ వచ్చేది కాదు. పైకుబాయికి అది అత్త నేర్పింది. అత్త నోటితో నేర్పేది కాదు. అల్లిక వదులుగా ఉంటే దబ్బతో వేళ్లమీద కొట్టి, అల్లినదంతా విప్పి మళ్లీ చేతికిచ్చేది. పెళ్లయిన కొత్తలో పైకుబాయి వేళ్లు వాచి అన్నం ముద్ద పట్టేవి కావట. కానీ రెండు మూడేళ్లకు ఆమె అల్లిన గుమ్మిలోంచి ఆవగింజ జారదని కింది ఊళ్లలో పేరొచ్చింది.

మొగుడు కొద్దు నెమ్మదైన మనిషి. నిటారుగా పెరిగిన వెదురును చూస్తే చెయ్యి వేసి నిమిరేవాడు. వాళ్లకు ఒక ఆడపిల్ల పుట్టింది. భీంబాయి అని పేరు పెట్టుకున్నారు.

ఆ పిల్ల పాకుతున్న రోజుల్లోనే సర్కారువాళ్లు అడవికి హద్దురాళ్లు పాతారు. రాయి దాటి కట్టె కొట్టినా, ఆకు కోసినా నేరమని అడవి చౌకీదారు గూడెం గూడెం తిరిగి చెప్పిపోయాడు. అదే ఏడు భోజన్నకు జొన్న విరగపండింది. కొత్తగా రెండు గుమ్మిలు కావాలని కొద్దును పిలిపించాడు.

“పటేలా, రాళ్లు పాతిండ్రు. బొంగు కొడితే తంతమన్నరు” అన్నాడు కొద్దు.

“నా పేరు చెప్పు. ఎవడేమంటడో నేను చూస్త” అన్నాడు భోజన్న.

కొద్దు ఆ మాట నమ్మాడు. వెదురు కొట్టి, మోపు కట్టి, గుట్ట దిగుతుంటే చౌకీదారు పట్టుకున్నాడు. మోపుతో సహా తాడ్‌పిప్రి చావడికి నడిపించాడు. కొద్దు భోజన్న పేరు చెప్పాడు. చౌకీదారు భోజన్నకు కబురు పంపాడు. భోజన్న తీరిగ్గా వచ్చి చావడి అరుగుమీద కూర్చున్నాడు.

“నేను పంపలే. గుట్ట మనిషి, దొంగతనం జేసి నా పేరు జెప్పుతుండు” అన్నాడు.

కొద్దు నోరు తెరిచి అతని మొహంలోకి చూశాడు. కొద్దు మోసుకొచ్చిన మోపులోంచే ఒక బొంగు తీసి చౌకీదారు కొట్టడం మొదలుపెట్టాడు. బొంగు చీలిపోయేదాకా కొట్టాడు. ఊరు నిలబడి చూసింది. సాయంత్రం పటేల్ బండి వచ్చి ఆ మోపును ఇంటికి తోలుకుపోయింది. చౌకీదారు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

కొద్దుకు మూత్రంలో రక్తం పడసాగింది. గుడిసెలో పక్కకు తిరగలేక పడుకొని ఉండగానే పటేల్ పెద్దజీతగాడు సంగన్న గుట్టెక్కి వచ్చాడు.

“పైకీ, పటేల్ రమ్మంటుండు. గుమ్మి అల్లాలె. జొన్నలు కల్లంల ఉన్నయ్” అన్నాడు. కొద్దు వైపు చూడకుండా తల తిప్పుకొని అన్నాడు.

ఆమె పిల్లను చంకనేసుకొని దిగింది. అర్రలో వెదురు కుప్ప పోసి ఉంది. మొగుడి వీపుమీద చీలిన బొంగు కూడా అందులో ఉంది. పైకుబాయి దాన్ని గుర్తుపట్టి పక్కన పెట్టింది. సంగన్న దాన్ని వంటపొయ్యిలోకి తీసుకుపోయాడు. మిగతా వాటితో ఆమె గుమ్మి అల్లింది. అది పూర్తయ్యే లోపలే కొద్దు పోయాడు. గూడెం కుర్రాడొకడు అర్ర బయటినుంచే కబురు కేకేసి పోయినప్పుడు ఆమె గుమ్మి లోపల ఉంది. పైనుంచి చెయ్యి అందించే మనిషి కోసం కేకలు వేసింది. ఇంట్లో అందరూ కల్లానికి పోయారు. సంగన్న పెళ్లాం శివవ్వ పేడ ఎత్తడానికి వచ్చి ఆ కేకలు విని నిచ్చెన వేసేదాకా పైకుబాయి ఆ వెదురు గోడల మధ్యే ఏడ్చింది.

బొందుగూడ ఎక్కువ కాలం నిలవలేదు. అడవి మూసుకుపోయాక ఒక్కొక్క కుటుంబమే గుట్టలు దాటి తూర్పుకు పోయింది. పిల్లకు జ్వరం తగ్గక పైకుబాయి వెనకబడింది. చివరికి పటేల్ చేనుగట్టున ఒక గుడిసె వేసుకుంది. మొగుణ్ని చంపించినవాడి చేనుగట్టున ఎట్లుంటున్నవని శివవ్వ ఒకసారి అడిగితే, “ఏడికి పోవాలె? బొంగంత గాయన ఇంట్లనే ఉంది” అంది.

పిల్ల చురుకైనది. తల్లి చీల్చి పారేసిన ముక్కలతో గుప్పెడంత బుట్టలు అల్లి, వాటిలో మట్టిగడ్డలు పోసి, “జొన్నలు, జొన్నలు” అని ఆడుకునేది. పైకుబాయి చాటలు బాగుచేసేది, గుమ్మిలకు పేడా ఎర్రమట్టీ కలిపి అలికేది, కలుపు తీసేది. తల్లీబిడ్డల కడుపు ఎట్లో నిండేది.

తర్వాత పెద్ద జ్వరాలు వచ్చాయి. ఇంటికొకరు చొప్పున పోయారు. జ్వరాలు తగ్గి మనుషులు తేరుకునేలోపే వానలు మొహం చాటేశాయి. జొన్న మోకాలెత్తు పెరిగి ఎండింది. మరుసటి ఏడు అదీ లేదు. గుట్టల్లో ఉన్నప్పుడు కరువొస్తే గడ్డలు తవ్వుకునేవారు, ఇప్పపువ్వు ఉడకబెట్టుకునేవారు. ఇప్పుడు హద్దురాయి దాటితే చౌకీదారు గంప లాక్కుని తన్నేవాడు. ఊళ్లో జనం తుమ్మకాయలు తిన్నారు, చింతగింజలు దంచుకుని తిన్నారు. భోజన్న అర్రలో గుమ్మిలు మాత్రం నిండుగా ఉన్నాయి. ఆయన వాటికి తాళం వేసి, ధర ఇంకా ఎక్కాలని చూస్తున్నాడు.

భీంబాయి పాదాలు వాచాయి. ఆడుకోవడం మానేసి గుడిసె గుంజకు ఆనుకొని కూర్చునేది. వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోయేది. పైకుబాయి పటేల్ ఇంటికి పోయి, పటేల్ భార్య సుమిత్రాబాయి ముందు కూర్చుంది.

“అవ్వా, పిల్ల నిలవడుతలేదు. ఒక్క శేరు జొన్నలియ్యి. గుమ్మిలన్ని మల్ల అలుకుత” అంది.

“ఊరంత గిట్లనే అడుగుతుండ్రు. ఒకరికిస్తే అందరికియ్యాలె. పో, అర్ర అలుకు. సగం రొట్టె పెడుత” అంది సుమిత్రాబాయి.

తాళం తీసి ఆమెను లోపలికి పంపి, గడప దగ్గర కూర్చుని వక్కలు కత్తిరించుకోసాగింది. పైకుబాయి గుమ్మి వెనక్కు, గోడవైపుకు పోయి అలుకుతూ కూర్చుంది. చెయ్యి మట్టిమీద ఆడుతుంటే కింద తన అల్లిక తెలుస్తూనే ఉంది. నడుముకున్న చిన్నకత్తి తీసింది. నేలకు జానెడెత్తులో మట్టి గీకి, నాలుగు బద్దలు కోసింది. జొన్నలు వాటంతటవే సన్నగా కారాయి. ఒడి నింపుకుంది. రంధ్రంలో గుడ్డపేలిక కుక్కి, పైన పేడ మెత్తింది. సగం రొట్టె తీసుకుని, ఒడి మీద కొంగు కప్పుకొని ఇంటికి పోయింది.

ఆ రోజు పిల్ల జొన్నలు దంచి ఉడికించిన గటక తిన్నది. మరునాడు లేచి నిలబడింది. “అవ్వా, ఇంక పెట్టు” అంది. చాలా రోజుల తర్వాత పిల్ల నోట వచ్చిన మాట అది.

అలుకు పని మరో రెండుసార్లు దొరికింది. మూడోసారి ఆమె గుడిసెలో దంచుతున్న చప్పుడు సంగన్న విన్నాడు. ఊళ్లో ఎవరింట్లోనూ రోలు మోగని రోజులవి. లోపలికి తొంగిచూసి, జొన్నపిండిని చూసి వెళ్లిపోయాడు. అతనింట్లోనూ పొయ్యి వెలగడం లేదు. ముసలితల్లి, పెళ్లాం, పిల్లలు అతని మొహం చూస్తూ కూర్చున్నారు. పట్టిచ్చినవాడికి పటేల్ గంపెడు జొన్నలు ఇస్తాడని అతనికి తెలుసు. పోయి చెప్పాడు. గంపెడు జొన్నలు తెచ్చుకున్నాడు.

పటేల్ మనుషులు పైకుబాయిని జుట్టు పట్టుకుని అర్ర దగ్గరికి లాక్కొచ్చారు. భోజన్న గుమ్మి వెనక దీపం పెట్టించి రంధ్రం చూశాడు. కొట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

“నువ్వే కోసినవ్. నువ్వే అల్లు. అల్లినంక పో” అన్నాడు.

“పటేలా, పొయ్యి మీద కుండ పెట్టొచ్చిన. పిల్లకు పోసొస్త. కాళ్లు మొక్కుత.”

“ఏ కుండ?” అన్నాడు భోజన్న. “అది నా జొన్నల కుండనే గద. సంగా, పోయి పట్కరాపో.”

సంగన్న పోయి ఉడుకుతున్న కుండను గుడ్డతో పట్టుకుని తెచ్చాడు. పిల్ల దాని ముందే కూర్చుని ఉందట. కుండ లేచిపోతుంటే దాని వెంటే లేచింది. గట్టుమీద పడుతూ లేస్తూ, చేతులమీద పాకుతూ పటేల్ వాకిలి దాకా వచ్చింది. భోజన్న చెప్పగా సంగన్న గటకను ఎద్దుల కుడితి గోలెంలో పోశాడు. పిల్ల అరుపు అర్రలోకి వినబడింది. పైకుబాయి లేవబోతే ఒకడు భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

“గేటెయ్యుండ్రి. చెవులు పగులుతున్నయ్” అంది సుమిత్రాబాయి.

పైకుబాయి చేతికి బద్ద పట్టు దొరకలేదు. రెండుసార్లు అల్లిక వదులైంది. భోజన్న వేలు దూర్చి చూసి విప్పించాడు. మూడోసారి బిగించి అల్లింది. పేడ మెత్తింది. అప్పుడు గేటు తీశారు. పిల్ల గేటుకు ఆనుకొని ఉన్నది కాస్తా లోపలికి ఒరిగింది. ఊపిరి ఉంది. పైకుబాయి ఎత్తుకొని పోయింది. నీళ్లు కాచి పోస్తే మింగలేదు. ఆ వారం దాటలేదు. చేనుగట్టున పాతిపెట్టవద్దని పటేల్ మనుషులు అంటే, వాగు అవతల హద్దురాయి పక్కన పాతింది.

వానలు మళ్లీ పడ్డాయి. రెండేళ్లకు జొన్న నిండుగా పండింది. పాత గుమ్మిలు పుచ్చాయని భోజన్న ఆమెను మళ్లీ పిలిపించాడు. ఈసారి చౌకీదారుతో మాట్లాడుకొని వెదురుకు బండి పంపాడు. పైకుబాయి రానంటుందని సంగన్న అనుకున్నాడు. ఆమె వెంటనే లేచింది. “నేను చూపిచ్చినయే కొట్టుండ్రి” అంది.

వెన్నెల నిండుతున్న రోజుల్లో లేత వెదురు కొడితే పురుగు పడుతుందని గుట్టవాళ్లకు తెలుసు. అందుకే వాళ్లు ముదురు వెదురును చీకటి రోజుల్లో కొట్టి, వాగులో నానబెట్టి వాడతారు. పైకుబాయి పున్నమికి ముందే బండి తోలించింది. ఆకుపచ్చగా మెరిసే లేత బొంగులే చూపించింది.

“గింత లేతయెందుకే?” అన్నాడు సంగన్న.

“లేతయే మంచిగ వంగుతయ్” అంది.

వాగులో నానబెట్టలేదు. ఎప్పటిలాగే బిగువుగా, అందంగా అల్లింది. భోజన్న గుమ్మిని తట్టి చూసి మెచ్చుకున్నాడు కూడా. మరుసటి ఏడు వానాకాలం నాటికి పురుగు తొలిచి గుమ్మి అడుగంతా సన్నని పసుపు పిండి రాలడం మొదలైంది. మట్టి పూత కింద అది ఎవరికీ కనబడలేదు. ముసురు పట్టిన ఒకనాటి పొద్దున గుమ్మి నడుము పగిలింది. అది పక్క గుమ్మిమీద పడి, ఆ గుమ్మీ పగిలింది. పైకప్పు కారి నేలంతా తడి. జొన్నలు మొలకెత్తి, బూజుపట్టి, వాసన వాకిలిదాకా వచ్చింది. సంగతి తెలిసినప్పుడు పైకుబాయి గుడిసెలో ఒక్కతే ఉంది. నవ్వింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. జీతగాళ్లకు ఏడాదికింత అని ఇచ్చే జొన్నల్లో భోజన్న సగం కోశాడు. “నా ఇంట్ల నష్టమైతే మీకు గాదా?” అన్నాడు. బూజుపట్టినవి ఏరి, ఆ సగంలో కలిపి కొలిపించాడు. సంగన్న ఇల్లు అందరికంటే ముందు కుంగింది. అతని ముసలితల్లి తన వంతు మనవలకు తోసేసి మంచం పట్టింది, లేవలేదు. ఆమె పోయిన కొన్నాళ్లకు పైకుబాయి పటేల్ కొట్టం వెనక నుంచి పోతూ శివవ్వను చూసింది. శివవ్వ ఎద్దుల పేడను చాటలో వేసి నీళ్లు పోసి కడుగుతోంది. పేడలో అరగకుండా వచ్చిన జొన్నగింజలు ఒక్కొక్కటి ఏరి పక్కన పెడుతోంది. పైకుబాయిని చూసి చాటకు కొంగు అడ్డం పెట్టుకుంది.

పైకుబాయి అక్కడినుంచి నేరుగా పటేల్ వాకిట్లోకి నడిచింది. భోజన్న మంచంమీద కూర్చుని ఉన్నాడు. జీతగాళ్లు గడ్డి మోస్తున్నారు.

“పటేలా, గుమ్మి నేను జేయబట్టి పలిగింది. లేత బొంగు కావాల్నని కొట్టిచ్చిన. జీతగాల్ల తప్పేం లేదు. వాల్ల జొన్నలు వాల్లకియ్యి” అంది.

భోజన్నకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు.

“ఎందుకు జేసినవ్?”

“నా బిడ్డ కోసం.”

“ఏ బిడ్డ?” అన్నాడు.

వెక్కిరించడానికి అన్న మాట కాదది. నిజంగానే అతనికి గుర్తు లేదు. లోపలినుంచి సుమిత్రాబాయి, “గదేనయ్యా, కరువుల గేటుకాడ ఒర్రింది సూడు, గా పోరి” అని గుర్తు చేసింది. “ఓ, గదా” అన్నాడు భోజన్న. పైకుబాయి అంతదాకా తలెత్తే మాట్లాడింది. ఆ మాటతో ఆమె నిలబడ్డ చోటే కూలబడింది.

ఆమె కుడిచెయ్యి గడపమీద పెట్టించాడు. రోకలి తెప్పించాడు. “సంగా, నీ అవ్వను సంపింది గిదే. కొట్టు” అన్నాడు.

సంగన్న రోకలి పట్టుకుని నిలబడ్డాడు. పైకుబాయి అతనికేసి చూడలేదు. గడపమీద తన చెయ్యినే చూస్తోంది. అతను కొట్టాడు. ఒకసారి కొట్టి ఆగబోతే పటేల్ మళ్లీ కొట్టమన్నాడు. మళ్లీ కొట్టాడు. రోకలి కింద పడేసి కొట్టంలోకి పోయాడు.

“జొన్నలు?” అంది పైకుబాయి, చెయ్యి ఒడిలో పెట్టుకొని.

“ఇచ్చింది ఇచ్చిన. ఇంకేం లేవు” అన్నాడు భోజన్న. జీతగాళ్లు గడ్డి మోపులు ఎత్తుకున్నారు.

ఆ సాయంత్రం శివవ్వ పసుపు, గుడ్డపీలికలు పట్టుకుని గుడిసెకు వచ్చింది. చెయ్యి ఒండ్రులో తొక్కిన కాయలా ఉంది. శివవ్వ వేళ్లను పక్కపక్కన చేర్చి కట్టు కట్టసాగింది.

“నిన్ను పట్టిచ్చినందుకు గంపెడు జొన్నలు తెచ్చిండు మావోడు. గవి మేమందరం తిన్నం. మా అత్త సుత తిన్నది” అంది.

“ఎరుకే.”

“ఎరుకై సుత ఎందుకు పోయి చెప్పినవే?”

“నువ్వు పేడ కడుగుతుంటివి గద” అంది పైకుబాయి.

శివవ్వ కట్టు ముడి వేసి లేచింది. గడప దగ్గర ఆగి, వెనక్కు తిరగకుండానే, “మా అత్త మంచిది. గామె మీద నీకేం పగ లేకుండె” అని వెళ్లిపోయింది. ఆ మాట రోకలిపోటు కన్నా ఎక్కువ నొప్పి పెట్టిందని పైకుబాయి తర్వాత తన వాళ్లతో చెప్పుకుందట.

చెయ్యి మానింది కానీ వేళ్లు వంకర తిరిగి పిడికిలిలా బిగుసుకుపోయాయి. బద్ద పట్టుకోలేని మనిషితో పటేల్‌కు పని లేదు. గుడిసె విప్పించి ఆ తడకలు కల్లానికి వాడుకున్నాడు. ఆమె మాహూర్ వైపు నడిచిపోయింది. కొండ దిగువన దూరపు చుట్టాల గూడెం ఒకటుంటే అక్కడ చేరింది. మేకలు కాసింది, ఎడమచేత్తో నీళ్లు మోసింది. ఆడవాళ్లు అల్లుతుంటే పక్కన కూర్చునేది కాదు. మేకలు తోలుకుని ఎదురు గుట్టకు పోయేది. అలా ఇరవై ఏళ్లకు పైనే బతికింది. కింది ఊళ్లలో సర్కారు గుంజుకునే పంటల లెవీ మీద, నిజాం మీద జనం గొంతు పెంచుతున్న రోజుల్లో ఒక ఎండాకాలం మేకల వెంట పోయి చెట్టునీడన పడుకొని లేవలేదు.

ఆ దసరాకు శివవ్వ కొండమీది రేణుకమ్మ మొక్కు తీర్చుకోవడానికి మాహూర్ వచ్చింది. అప్పటికి సంగన్న లేడు. కొడుకు వద్దంటున్నా గూడెం వెతుక్కుంటూ వెళ్లి పైకుబాయి ఉందా అని అడిగింది. పోయిందని చెప్పారు. ఎక్కడ పాతారో చూపించమంది. ఎదురు గుట్టమీద మేకలు తిరిగే దారి పక్కన రాళ్ల కుప్ప చూపించారు. శివవ్వ దాని పక్కన మూట దించింది. మూటలోంచి జొన్నరొట్టెలు తీసింది. ఆ గూడెం పిల్లలు చుట్టూ మూగితే వాళ్లకు తుంచి పెట్టింది. మూట దులిపి, కొడుకు భుజం పట్టుకొని గుట్ట దిగింది.